నల్లమందు అలవాటు, వెన్నులో మత్తు

పంతొమ్మిదో శతాబ్దం చివర మద్రాసు రాజధానిలో నల్లమందు బాగా వాడే జిల్లాల్లో గోదావరి ఒకటి. చలిజ్వరానికి అదే విరుగుడని మన్యం జనం గట్టిగా నమ్మేవారు. నల్లమందు వాడకంపై 1893లో వేసిన రాయల్ కమిషన్ 1895లో నివేదిక ఇస్తూ, ఈ అలవాటుతో పెద్ద హాని లేదన్నట్టే తేల్చింది. లైసెన్సు దుకాణాల మీద రాబడి తీసుకునే సర్కారు వేసిన కమిషన్ ఇంకేం తేలుస్తుంది!

అదే దశాబ్దంలో, 1898 ఆగస్టులో, జర్మనీలోని కీల్ పట్టణంలో ఆగస్ట్ బియర్ అనే శస్త్రవైద్యుడు రోగి వెన్నులోకి కొకైన్ ఎక్కించి, నడుము కింద నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేశాడు. తర్వాత తనూ తన సహాయకుడూ ఒకరి మీద ఒకరు ప్రయోగం చేసుకున్నారు. సహాయకుడి కాలి మీద సుత్తితో కొట్టినా అతనికి నొప్పి తెలియలేదు. ఆ తర్వాత ఇద్దర్నీ తలనొప్పి పీడించింది. మన దగ్గర అప్పటికి క్లోరోఫాం పీల్పించి స్పృహ తప్పించే రోజులు. దాని భద్రత తేల్చడానికి హైదరాబాదులో 1888, 1889లలో రెండు కమిషన్లు కూర్చున్నాయి.

నల్లమందు సారమైన మార్ఫిన్ కూడా త్వరగానే వెన్ను దాకా వచ్చింది. 1901లో ఒక రుమేనియా వైద్యుడు కొకైన్‌తో కలిపి వాడి చూపించాడు. కానీ అదెలా పనిచేస్తుందో అర్థమవడానికి డెబ్బై ఏళ్లు పైనే పట్టింది. 1973లో శరీరంలో దానికి గ్రాహకాలు (రిసెప్టర్లు) ఉన్నాయని తేలింది. 1979లో క్యాన్సర్ రోగుల వెన్నులోకి కొద్దిపాటి మార్ఫిన్ ఎక్కించి నొప్పి తగ్గించారు. ఇప్పుడు వెన్నులోకి ఎక్కించే మత్తుమందు బుపివకైన్‌తో పాటు, మార్ఫిన్ కోవకే చెందిన ఫెంటనిల్ కొద్దిగా కలపడం మామూలైంది.

ఈలోగా మన దేశంలో నల్లమందు తినడాన్ని 1959 నుంచి నిషేధించారు. నల్లమందు అలవాటున్నవారికి వెన్నులో మత్తు ఎలా పనిచేస్తుందనే ప్రశ్నకు జవాబు మాత్రం ఇరాన్ నుంచి వచ్చింది. అక్కడి వైద్యులు 2007లో ప్రచురించిన పరిశీలనల్లో, అలవాటున్నవారిలో మత్తు త్వరగా దిగిపోయింది.

వింతేమిటంటే, బుపివకైన్ పనిచేసేది నరాల్లోని సోడియం ద్వారాల మీద. నల్లమందు గ్రాహకాలతో దానికి పని లేదు. ఏళ్ల తరబడి వాడకం వల్ల వెన్నుపాములో నొప్పి దారులే సున్నితమైపోతాయని, మత్తు కాస్త పలచబడగానే నొప్పి తన్నుకొస్తుందని ఒక వివరణ. కారణం మీద వాదన ఇంకా తెగలేదు. పైగా, నల్లమందుకు అలవాటుపడిన ఒంటికి ఫెంటనిల్ లాంటి మందుల మామూలు మోతాదు చాలదు.

దుకాణాలు పోయినా మాత్రలు మిగిలాయి. నడుం నొప్పికని మొదలైన ట్రమడాల్ అనే నల్లమందు తరహా మాత్ర మానలేని అలవాటుగా మారుతోందనే 2018లో దాన్ని మత్తుపదార్థాల చట్టం కిందకు తెచ్చారు. అలవాటు సంగతి ముందే తెలిస్తే మత్తు డాక్టరు సన్నటి ఎపిడ్యూరల్ గొట్టం ఉంచి అవసరమైనప్పుడల్లా మందు పెంచగలడు, క్లోనిడిన్ వంటివి జతచేయగలడు. తెలియక నొప్పికి పెంటజోసిన్ అనే మందు ఇస్తే మాత్రం, అలవాటు ఆగినప్పుడు వచ్చే (విత్‌డ్రాయల్) బాధలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఆపరేషన్ కోసమని రోగి తనంతట తాను మాత్రలు ఆపేసినా అదే తంతు.

కాబట్టి ఆపరేషన్ గదికి వెళ్లేముందు రోజూ ఏ మాత్ర, ఏ సూది, ఎంత వాడుతున్నారో మత్తు డాక్టరుతో విడిగా చెప్పండి. పక్కన బంధువులుంటే, వాళ్లను బయటికి పంపి మరీ చెప్పండి.