దొరవారిసత్రము: చెరువు, ఆయకట్టు, పట్టణవ్యాప్తి

నెల్లూరు సీమ దక్షిణభాగమునఁ బులికాటు సరస్సునకుఁ జేరువగా దొరవారిసత్రము కలదు. బాటసారుల సత్రమువలననే యూరేర్పడెనని నామమే తెలుపుచున్నది. బెజవాడ చెన్నపట్టణముల నడుమ 1899లో రైలుమార్గము పూర్తియయ్యెను. 2022లో నీ మండలము తిరుపతి జిల్లాలోఁ జేరెను.

ఈ సీమలో సేద్యమునకుఁ జెరువులే ప్రధానాధారము. ఈశాన్యఋతుపవనము తెచ్చిన నీరు చెరువులు నిండి, తూములగుండ మళ్ళకుఁ బాఱును. నేలపట్టు చెరువులో నీట నిలిచిన కడపచెట్లపై గూడబాతులు పిల్లలను బెంచును. వాని రెట్టలు నీటఁ గలిసి వరిపైరునకు నెరువగును. కావున గ్రామస్థులు పక్షులను గాచుటకు భూతదయయేకాక సేద్యలాభమును గారణము. 1976లో నిది పక్షిరక్షణకేంద్రమయ్యెను.

ఈ సంబంధమునకు నేఁడు సంకటము పట్టణవ్యాప్తివలనఁ గలుగుచున్నది. 2005లోఁ బ్రత్యేకార్థికమండలముల చట్టము వెలువడెను. 2008లో సమీపమున సత్యవేడు, వరదయ్యపాళెము ప్రాంతములలో శ్రీసిటీ ప్రారంభమయ్యెను. దానివలన వేలమందికి జీవనము లభించెననుట సత్యమే. కాని పరిశ్రమల వెనువెంట రహదారి ప్రక్క పొలములును ఇండ్లస్థలములగుచున్నవి.

1894 నాఁటి భూసేకరణచట్టము భూమియందు హక్కుగలవారికే పరిహార మిచ్చెను. పట్టాలేని కూలివాఁడు లెక్కకు రాలేదు. 2013 నాఁటి చట్టము కౌలుదారులను, వ్యవసాయకూలీలను సైతము బాధితులుగా గణించెను. అయితే రైతు తన మడిని స్థలముల వర్తకునకుఁ దానై యమ్మినచో నా రక్షణ సాధారణముగా వర్తింపదు. పట్టణవ్యాప్తి యధికముగా నీ త్రోవనే, మడివెంట మడిగా జరుగును. నాటునకును గోఁతకును బోవు స్త్రీలు కూలిని గోల్పోవుదురు. క్రయపత్రమున వారి ప్రసక్తియే యుండదు.

చెరువునకుఁ గలుగు హానియు నట్టిదే. ఆయకట్టు తగ్గినకొలఁది కట్టను, కాలువను బాగుచేయువారు తగ్గుదురు. వరవకాలువ పూడినచో నీరు చెరువు చేరక యిండ్లపైఁ బడును. ఇంకవలసిన నేల కప్పబడుటచే బావులును దఱుగును. పక్షికేంద్రపు టెల్లలు గూళ్ళను గాపాడఁగలవు గాని, కొంగలు మేఁతకుఁ బోవు వరిమళ్ళను, చిన్నకుంటలను గాపాడఁజాలవు.

పొలమును, చెరువును, కూలిని, పక్షిని వేర్వేఱుగా వెలకట్టుటయే యీ నష్టమునకు మూలము. తరతరముల సేద్యచరిత్రలో నవి యొక్కటియే. ఆయకట్టును విడిచి చెరువును మాత్రము రక్షింపఁబూనుట వేరు నఱికి కొమ్మకు నీరు పోయుట వంటిది.