ఎలుక పిల్లల ఎడబాటు పరీక్ష

ఎలుక పిల్లల ఎడబాటు పరీక్ష అనేది మానసిక ఆందోళనను తగ్గించగల కొత్త మందులను గుర్తించడానికి ప్రయోగశాలలలో వాడే ఒక పద్ధతి. తల్లికి, తోటి పిల్లలకు దూరమైన ఎలుక పిల్ల అతిధ్వనులతో అరుస్తుంది. మందు ఇచ్చిన తరువాత ఈ అరుపులు ఎంత తగ్గాయో లెక్కించి దాని ప్రభావాన్ని అంచనా వేస్తారు.

నేపథ్యం

పుట్టినప్పుడు ఎలుక పిల్లకు బొచ్చు ఉండదు. కళ్ళు, చెవులు మూసుకొని ఉంటాయి. తన శరీర ఉష్ణోగ్రతను తానుగా నిలుపుకోలేదు. గూటికి దూరమైతే తల్లి వచ్చి తీసుకుపోవడమే దానికి ప్రాణాధారం. దాని అరుపుల పౌనఃపున్యం సుమారు 40 కిలోహెర్ట్జ్. 20 కిలోహెర్ట్జ్ మించిన ధ్వనులు మనుషులకు వినబడవు, తల్లి ఎలుకకు వినబడతాయి. చిట్టెలుక పిల్లల అతిధ్వనులను గురించి జిపెలియస్, ష్లైట్ 1956లో ప్రచురించారు.

పద్ధతి

సాధారణంగా 7 నుండి 11 రోజుల వయసు గల పిల్లలను ఎన్నుకుంటారు. కొన్నింటికి మందును, కొన్నింటికి మందు లేని ద్రావణాన్ని ఇచ్చి, ఒక్కొక్క పిల్లను కొన్ని నిమిషాలపాటు విడిగా ఉంచుతారు. అతిధ్వనులను గ్రహించే మైక్రోఫోనుతో అరుపులను లెక్కిస్తారు. చలికి కూడా అరుపులు పెరుగుతాయి కనుక ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచుతారు. మందు వలన పిల్ల మత్తులో పడిందేమో తెలుసుకొనడానికి దాని కదలికలను కూడా గమనిస్తారు.

ఫలితాలు

డయజెపామ్, క్లోర్‌డయజెపాక్సైడ్ వంటి మందులు ఈ అరుపులను తగ్గిస్తాయి. ఆందోళన కలిగించే పెంటిలీన్‌టెట్రజోల్ వాటిని పెంచుతుంది. ఈ పోలిక ఆధారంగా 1980లలో ఈ పరీక్ష ప్రచారంలోకి వచ్చింది. పెద్ద ఎలుకలపై చేసే కొన్ని పరీక్షలలో వలె దీనిలో ముందస్తు శిక్షణ గాని, విద్యుత్ షాక్ గాని అవసరం లేదు.

విమర్శలు

అరుపు తగ్గినంత మాత్రాన భయం తగ్గినట్లు కాదు. నొప్పి నివారిణి అయిన మార్ఫిన్ కూడా అరుపులను తగ్గిస్తుంది. పెద్ద జంతువులకు మత్తు కలిగించే క్లోనిడిన్ మాత్రం పిల్లల అరుపులను పెంచుతుంది. ఈ అతిధ్వనులు దుఃఖానికి సూచన కావని, చలికి శరీరంలో జరిగే మార్పుల వలన వెలువడే ఉపఫలితం మాత్రమే కావచ్చని మార్క్ బ్లంబర్గ్ తదితరులు వాదించారు. ఫ్లూయాక్సెటిన్ వంటి మందులు మనుషులలో పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఎలుక పిల్లలలో ఒక్క మోతాదుతోనే అరుపులు తగ్గుతాయి. అందుచేత ఈ పరీక్షను తొలి వడపోతగా మాత్రమే పరిగణించి, ఇతర పరీక్షలతో సరిచూడవలసి ఉంటుంది. ఒక మందు చిన్నపిల్లలకు సురక్షితమా కాదా అన్నది దీని వలన తెలియదు.

నైతిక అంశాలు

అరుపు నిజంగా బాధకు గుర్తే అయితే, ఆ బాధను కలిగించడమే ఈ పరీక్షకు ఆధారమవుతుంది. కాకపోతే ఆందోళన మందుల పరీక్షగా దీని విలువే తగ్గుతుంది. కనుక ఎడబాటు సమయాన్ని, వాడే పిల్లల సంఖ్యను వీలైనంత తక్కువగా ఉంచడం అవసరం.