కూడలిలో తగ్గే వెలుగు



శక్తినగర్ వాసులకు స్విచ్‌యార్డు కొత్త కాదు. 1985లో ఇక్కడి థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ మొదలైంది. కృష్ణ ఒడ్డున పుట్టిన కరెంటు ఆ కూడలి నుంచే ఊళ్లకు మళ్లుతోంది. దారిలో కొంత నష్టమైతే ఇంకాస్త బొగ్గు కాల్చి పూడ్చుకోవచ్చు. ఒక్కొక్క కాంతికణం మీద కబురు పంపే క్వాంటం నెట్‌వర్కుకు ఆ వెసులుబాటు లేదు.

ఈ కథ మన కర్ణాటకలోనే మొదలైంది. 1984 డిసెంబరులో బెంగళూరు సదస్సులో చార్లెస్ బెన్నెట్, జిల్ బ్రసార్ అనే శాస్త్రజ్ఞులు ఒక పద్ధతి ప్రకటించారు. రహస్య లిపిని విప్పే అంకెల వరుసను, అంటే తాళంచెవిని, కాంతికణాల ద్వారా పంపాలన్నారు. మధ్యలో ఎవరైనా తొంగిచూస్తే కణాల స్థితి చెదిరి దొంగతనం బయటపడుతుంది. తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం అసాధ్యమని 1982లోనే రుజువైంది. నకలు తీయలేనప్పుడు, టెలిఫోను లైనులోలాగా మధ్యలో బలం పెంచడమూ కుదరదు. రహస్యాన్ని కాపాడే నియమమే మన చేతులు కూడా కట్టేసింది.

1989లో తొలి ప్రయోగం నడిచిన దూరం 32 సెంటీమీటర్లు. అది ఇద్దరి మధ్య మాట. నలుగురు కలవాలంటే కూడలి కావాలి. 2004 నాటికి అమెరికాలో డార్పా నెట్‌వర్కు హార్వర్డ్, బోస్టన్ విశ్వవిద్యాలయాలను కలిపింది. అందులో ఆప్టికల్ స్విచ్ వాడారు. రైలు పాయింట్లు బండిని మళ్లించినట్టు అది వెలుగును మళ్లిస్తుంది, విప్పి చదవదు. అయితే సుంకం మాత్రం తీసుకుంటుంది. 1 డెసిబెల్ నష్టమంటే నూటికి సుమారు 20 కణాలు పోయినట్టే. మంచి గాజుతీగలో 5 కిలోమీటర్ల ప్రయాణానికి అది సమానం. అలాంటి స్విచ్‌లు 3 దాటితే మిగిలేది సగమే.

చిక్కు అక్కడితో ఆగదు. కణాన్ని పసిగట్టే పరికరం చీకట్లోనూ అప్పుడప్పుడు పొరబడుతుంది. అసలు కణాలు తగ్గేకొద్దీ ఈ తప్పుల వాటా పెరుగుతుంది. పక్కదారి నుంచి జారిన వెలుగు దానికి తోడవుతుంది. తప్పులు నూటికి 11 దాటితే ఆ తాళంచెవిని పారవేయవలసిందే. ఏది దొంగ పనో, ఏది స్విచ్ లోపమో తేల్చలేం కనుక.

మరో మార్గం, మధ్య కేంద్రాల్లో తాళంచెవిని విప్పి మళ్లీ పంపడం. 2017లో చైనా బీజింగ్–షాంఘైల మధ్య సుమారు 2,000 కిలోమీటర్లు అలాగే కలిపింది. కాని ఆ కేంద్రాలన్నింటినీ నమ్మాలి.

మన దేశంలో 2022 ఫిబ్రవరిలో డీఆర్‌డీఓ, ఐఐటీ ఢిల్లీ ప్రయాగ్‌రాజ్–వింధ్యాచల్ మధ్య 100 కిలోమీటర్లకు పైగా తాళంచెవిని పంపి చూపించాయి. 2023లో జాతీయ క్వాంటం మిషన్‌కు ఆమోదం లభించింది. ఈ తీగలు రేపు మన జిల్లాలకు వచ్చినా ప్రతి కూడలి దగ్గరా ఎదురయ్యే ప్రశ్న ఒకటే. కొంత వెలుగును వదులుకుందామా? లేక మధ్యలో కూర్చున్నవారిని నమ్ముదామా?