ముతహాబ్బ సంఖ్యలు: 17,296 చరిత్ర

17,296, 18,416 అనే సంఖ్యల జంటను ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1636లో మొదటిసారి కనుగొన్నాడని గణిత గ్రంథాలు చాలాకాలం రాస్తూ వచ్చాయి. కాని అప్పటికి మూడు శతాబ్దాల క్రితమే ఈ జంట అరబీ గ్రంథాలకెక్కింది.

ఈ జంట విశేషమేమిటి? 18,416ను శేషం లేకుండా భాగించే సంఖ్యలు, దానిని మినహాయిస్తే, తొమ్మిది: 1, 2, 4, 8, 16, 1,151, 2,302, 4,604, 9,208. వీటిని కూడితే 17,296 వస్తుంది. అట్లే 17,296కు గల పంతొమ్మిది భాజకాల మొత్తం 18,416. ఇట్టి సంఖ్యలను అరబ్బులు 'అల్ అఅదాదుల్ ముతహాబ్బ', అనగా పరస్పరం ప్రేమించుకొనే సంఖ్యలు అన్నారు. గ్రీకుల నుండి సంక్రమించిన జంట 220, 284 ఒక్కటే. తాయెత్తులవారు దానిని స్నేహం కుదిర్చేందుకు వాడేవారని ఇబ్ను ఖల్దూన్ 'ముఖద్దిమా'లో ప్రస్తావించాడు. గణితజ్ఞులకు ఆ ప్రయోజనంతో పని లేదు. ఇట్టి జంటలను రాబట్టే సూత్రమే వారికి కావలసింది.

ఆ సూత్రాన్ని ఇచ్చినవాడు బగ్దాదులో పనిచేసిన సాబిత్ ఇబ్ను ఖుర్రా (మరణం హి. 288 / క్రీ.శ. 901). ఆయన ముస్లిం కాడు, హర్రాన్‌కు చెందిన సాబియీ. ఈ సంగతి దాచవలసిన పని లేదు. ఆనాటి బగ్దాదు విద్వత్సభల విశాలత్వానికి ఇదే సాక్ష్యం. 2, 4, 8, 16 శ్రేణిలో 16ను తీసుకుందాం. మూడింతలు చేసి ఒకటి తీసివేస్తే 47. దాని ముందున్న 8తో అట్లే చేస్తే 23. 16, 8, 9లను గుణించి ఒకటి తీసివేస్తే 1,151. ఈ మూడూ ప్రధాన సంఖ్యలే గనుక 16×23×47, 16×1,151 జంట అవుతాయి. 8తో మొదలుపెడితే మాత్రం 287 వస్తుంది. అది 7×41 కనుక పని జరగదు.

ఇంద్రధనుస్సుపై పరిశోధనకు ప్రసిద్ధుడైన కమాలుద్దీన్ ఫారిసీ (మరణం హి. 718 / క్రీ.శ. 1319) 'తజ్‌కిరతుల్ అహ్‌బాబ్' అనే గ్రంథంలో ఈ సూత్రాన్ని కొత్త మార్గంలో నిరూపించాడు. 17,296 అందులో ఉన్నది. అదే కాలంలో మరాకష్ పండితుడు ఇబ్నుల్ బన్నాకూ ఈ జంట తెలుసు. అయితే ఫారిసీ అసలు ఘనత జంటను పేర్కొనడంలో లేదు. ఒక సంఖ్య ప్రధాన కారణాంకాలుగా ఎట్లా విడిపోతుందో, వాటి కూర్పుల నుండి భాజకాలన్నీ ఎట్లా పుడతాయో ఆయన క్రమబద్ధంగా పరిశీలించాడు. 'మనవాళ్ళే ముందు' అని చాటేవారు ఈ భాగాన్ని సాధారణంగా చదవరు.

ఫెర్మా ఈ జంటను స్వయంగా కనుగొన్నాడనే చరిత్రకారులు భావిస్తారు. ఆయనపై చౌర్యం మోపడం న్యాయం కాదు. సాబిత్ గ్రంథాన్ని 1852లో వోప్కే ఫ్రెంచిలో పరిచయం చేశాడు. ఫారిసీ రచనపై రుష్దీ రాషిద్ పరిశోధన 1980లలో వెలువడింది. తరువాతి జంట 93,63,584, 94,37,056. దీనిని నేటికీ డెకార్ట్ పేరుతో పిలుస్తారు. ఆయన దీనిని 1638లో ప్రకటించాడు. ఇరాన్‌కు చెందిన ముహమ్మద్ బాఖిర్ యజ్దీ రచనలోనూ అదే జంట కనిపిస్తుంది.