బాక్టీరియా వల్ల ఉక్కుకు పట్టే తుప్పు

నీటిలో గాని, నేలలో గాని ఉన్న ఉక్కు కొన్ని రకాల బాక్టీరియాల వల్ల తుప్పు పట్టడాన్ని, లేదా ఆ తుప్పు వేగవంతం కావడాన్ని సూక్ష్మజీవ క్షయం అంటారు. చెదలు కొయ్యను తిన్నట్లు ఈ బాక్టీరియాలు ఉక్కును తినవు. తమ జీవక్రియలతో అవి లోహపు ఉపరితలం వద్ద రసాయనిక పరిస్థితులను మార్చివేస్తాయి. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలోని బొగ్గు గనులు, విద్యుత్కేంద్రాలు, కాగితపు మిల్లు వంటి చోట్ల ఉక్కు నిత్యం నీటిని తాకుతూ ఉంటుంది కనుక ఈ ప్రాంతానికి ఇది ముఖ్యమైన విషయం.

జరిగే విధానం

సాధారణంగా తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ అవసరం. ఇనుము పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోగా, నీటిలో కరిగిన ఆక్సిజన్ వాటిని గ్రహిస్తుంది. బాక్టీరియాలు ఉక్కుపై జిగట పొరగా ఏర్పడినప్పుడు పై భాగంలోనివి ఆక్సిజన్‌ను వాడేస్తాయి. అడుగున ఆక్సిజన్ లేని చోటు ఏర్పడుతుంది. అక్కడ డీసల్ఫోవిబ్రియో వంటి బాక్టీరియాలు నీటిలోని సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తాయి. ఇది ఇనుముతో కలిసి నల్లని ఐరన్ సల్ఫైడు అవుతుంది. అందువల్ల ఆక్సిజన్ లేకున్నా తుప్పు కొనసాగుతుంది. ఉక్కు అంతటా సమానంగా అరగక, ఒకేచోట లోతైన గుంట పడుతుంది. పైపు పైకి బాగానే కనిపిస్తున్నా ఆ చోట చిల్లు పడవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలు కూడా దీనికి అతీతం కాదు.

గాలియోనెల్లా, లెప్టోథ్రిక్స్ అనేవి నీటిలోని ఇనుమును ఆక్సీకరించి ఎర్రని బురదను పేరుస్తాయి. ఈ బురద కింద కూడా గుంటలు పడతాయి.

చరిత్ర

సల్ఫేటును క్షయీకరించే బాక్టీరియాలు భూమిలోని ఇనుప పైపులను పాడుచేసే తీరును 1934లో నెదర్లాండ్స్‌కు చెందిన ఫాన్ వోల్జోగెన్ క్యూర్, ఫాన్ డెర్ ఫ్లుగ్ట్ వివరించారు. కొన్ని బాక్టీరియాలు ఇనుము నుండి ఎలక్ట్రాన్లను నేరుగా గ్రహించగలవని 2004లో జర్మనీ పరిశోధకులు ప్రతిపాదించారు.

2015 అక్టోబరులో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ సమీపాన ఆలిసో కాన్యన్ వద్ద ఒక గ్యాస్ బావి గొట్టం పగిలింది. 2016 ఫిబ్రవరిలో దానిని మూసివేసేలోగా సుమారు 97 వేల టన్నుల మీథేన్ గాలిలో కలిసింది. భూగర్భజలం తగిలిన గొట్టం వెలుపలి భాగాన్ని సూక్ష్మజీవులు తుప్పు పట్టించాయని 2019 నాటి విచారణ నివేదిక తేల్చింది.

ఉత్తర తెలంగాణలో

రామగుండం, గోదావరిఖని (నేటి పెద్దపల్లి జిల్లా), బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ (నేటి మంచిర్యాల జిల్లా) ప్రాంతాలలో సింగరేణి గనులున్నాయి. బొగ్గుతో పాటు ఉండే ఐరన్ పైరైట్‌ను అసిడిథయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్ అనే బాక్టీరియా సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మార్చగలదు. దీనిని 1947లో అమెరికాలో బొగ్గు గని నీటిలో కనుగొన్నారు. అయితే గోదావరి లోయలోని గోండ్వానా బొగ్గులో సాధారణంగా గంధకం తక్కువ. అందువల్ల ఆమ్ల సమస్య ఇక్కడ ఈశాన్య భారతంలో ఉన్నంత తీవ్రం కాదు. అక్కడ మేఘాలయ గనుల ఆమ్లజలం వల్ల కోపిలి జలవిద్యుత్కేంద్రపు ఉక్కు పరికరాలు దెబ్బతిన్నాయి.

రామగుండంలోని ఎన్.టి.పి.సి. కేంద్రంలో 1983లో మొదటి యూనిట్ ప్రారంభమైంది. ఆ కేంద్రం సామర్థ్యం 2600 మెగావాట్లకు పెరిగింది. ఇటువంటి కేంద్రాలలో ఆవిరిని చల్లార్చే నీరు గోరువెచ్చగా ఉండి బాక్టీరియాలకు అనుకూలిస్తుంది. కనుక ఆ నీటిలో క్లోరిన్ కలపడం సాధారణ పద్ధతి.

గుర్తించడం, నివారణ

పైపు లోపల ఎర్రని బుడిపెలు, వాటి కింద నల్లని పదార్థం ఉండి, దానిపై హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసినప్పుడు కుళ్ళిన గుడ్ల వాసన వస్తే అనుమానించాలి. నిర్ధారణకు ప్రయోగశాల పరీక్ష అవసరం.

* నీటిని నిలువ ఉంచకూడదు. కొత్త పైపును నీటితో పరీక్షించిన వెంటనే ఖాళీ చేసి ఆరబెట్టాలి.
* జిగట పొరను యాంత్రికంగా తొలగించాలి. పొర లోపలి బాక్టీరియాలకు క్లోరిన్ సరిగా చేరదు.
* భూమిలోని పైపులకు రక్షణ పూత వేసి, కాథోడిక్ రక్షణ కల్పించాలి.