మన యిండ్లలో సామాను లేదా?



1813వ సంవత్సరమున కుంఫిణీవారి సన్నదును పొడిగించు విషయము విచారణకు వచ్చినప్పుడు, ఇంగ్లండునందలి కామన్సు సభవారు తామసు మన్రో దొరను పిలిపించి సాక్ష్యము పుచ్చుకొనిరి. మన సీమ నైజాము వలన కుంఫిణీవారికి దత్తమైన 1800 మొదలు 1807 వరకు ఇచ్చట కలెక్టరుగా నుండి, గుఱ్ఱముమీద ఊరూర తిరిగి, గుడారములలో పండుకొని, రైతులతో వారి మాటలోనే మాటలాడినవాడు గనుక, ఈ దేశపు ఇండ్ల సంగతి అతనికి తెలిసినంతగా ఆ సభలో మరెవ్వరికిని తెలియదు. సభవారి కోరిక యొక్కటే. తమ దేశపు వర్తకులు చేయు సరకులు హిందువు లెంతవరకు కొందురని.

మన్రో చెప్పిన ప్రత్యుత్తరము సంక్షేపముగా నిది. హిందువునకు భోజనపు బల్ల లేదు. నేలమీద కూర్చుండి తినును. వాని పాత్రసామగ్రి యెల్ల ఒక ఇత్తడి గిన్నె, ఒక మంటి పళ్ళెము. ఇల్లు పొట్టి మట్టికట్టడము. గోడలు బోడివి. పరుండుటకు చాపయో చిన్న జంబుకానయో తప్ప సామానన్నది లేదు. కావున మీ సరకు అచ్చట అమ్ముడుపోదు.

ఆయన మనల నెగతాళి చేయుటకు ఈ మాట చెప్పలేదు. అదే సాక్ష్యమున మన సేద్యమును, మన చేతిపనులను, ఊరూర గల వీథిబడులను, అతిథిమర్యాదను పొగడినాడు. ఈ దేశపు శాలువ నొకదానిని తాను ఏడేండ్లు వాడినను చెడలేదనియు, ఇంగ్లండులో దానికి నకలుగా నేసిన శాలువను ఊరక యిచ్చినను కప్పుకొననియు చెప్పినాడు. అట్టి స్నేహితుడే "సామాను లేదు" అనినప్పుడు, ఆ మాట నిజమా కాదా యని మనము మన యిండ్లను మరల చూచుకొనవలసి యుండును. నేను లేపాక్షి ప్రాంతపు ఇండ్లను దృష్టియందుంచుకొని యీ మాట విచారింతును.

మన్రో చూచిన ఇల్లు మట్టిమిద్దె. రాతిముక్కలతో మట్టియడుసుతో గోడలు లేపి, వానిమీద దూలములు, దూలములమీద దంతెలు, వానిపై కంపయు బోదయు పరచి, అటుపైన మన్ను దట్టించి, అన్నిటికంటె మీద చౌడు పోయుదురు. చౌడు నీటిని క్రిందికి దిగనీయదు. ఏటేట వానకు ముందు ఇంటివాడు మిద్దె యెక్కి క్రొత్త చౌడు చల్లవలెను. లేనియెడల మొదటి వానకే ఇల్లెల్ల కారును. వాన తక్కువగా కురియు నీ పీఠభూమిలోనే యిట్టి కప్పు నిలుచును గాని, కోస్తాలో కట్టిన పక్షమున ఒక్క వర్షర్తువునకే కరగిపోవును. ఎండకాలమున మాత్రము ఆ మిద్దెక్రింద నుండు చల్లదనము పెంకుటింట నుండదు. వెలుతురునకు కప్పులో ఒక రంధ్రము విడిచి, దానిని గవాక్షి యందురు. వాన వచ్చినప్పుడు దానిపై రాతిపలకయో కుండపెంకో మూయుదురు.

ఈ యింట సామాను ఎచ్చట నున్నది? గోడలో నున్నది. దీపమునకు గూడు, ఉప్పుకారములకు గూడు, దేవునికి గూడు, అన్నియు గోడ కట్టునప్పుడే విడుతురు. మూలను మంటితో కట్టిన గాదె యున్నది. నేలలో జొన్నలకు పాతర యున్నది. తలమీద అటక యున్నది. దూలమునుండి ఉట్టి వ్రేలుచున్నది. దంతెలనుండి కట్టిన దండెమున బట్ట లున్నవి. దొరగారు ఇంట నడుగిడి నేల నాలుగుదిక్కుల జూచి, బల్లయు కుర్చీయు కానక, సామాను లేదనిరి. పైకి చూడలేదు. గోడలోనికి చూడలేదు. నేలక్రిందికి అసలే చూడలేదు. కరవుసీమలో విలువగల వస్తువు కనబడునట్లు ఉంచుకొనుట బుద్ధిమంతుని లక్షణము కాదని ఆయనకు తెలియకపోలేదు గాని, సభవారు ఆ ప్రశ్న అడుగలేదు.

ఇందులో ఉట్టి సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను, ఏలయన అది పిల్లి కొరకు పుట్టిన సామాను. పాలు పెరుగు వెన్న వండిన కూర, ఇవన్నియు త్రాళ్ళ కుదుటిలో కుండమీద కుండగా పెట్టి వ్రేలాడగట్టుదురు. గోడకు ఎంత యెడముగా కట్టవలెను, అటక యంచునకు ఎంత దూరముగా నుండవలెను అను లెక్క ప్రతి యిల్లాలికిని తెలియును. ఆ లెక్క పిల్లి దుముకునకు ఒక జానెడు ఎక్కువ. మా చిన్ననాట మా యింటి గండుపిల్లి యొకటి ఈ లెక్కను తప్పించినది. గవాక్షి దారిని లోనికి దిగి, దండెముమీదికి దుమికి, దండెము ఊగునప్పుడు ఆ యూపుతోనే ఉట్టి నందుకొనెడిది. మా యవ్వ దానిని తిట్టుచునే దాని తెలివిని పదిమందికి చెప్పుకొని మురిసిపోయెడిది. దండెము చోటు మార్చుటకు మాత్రము రెండు నెలలు పట్టినది.

పిల్లిని తరిమిన చేతులే దానికి చట్టిలో పాలు పోయుట యెందుకు? గాదెకు కావలి అదే గనుక. మనిషి ధాన్యము నిలువచేసిన చోటికి ఎలుక వచ్చినది, ఎలుక వచ్చిన చోటికి పిల్లి వచ్చినది. శాస్త్రజ్ఞులు చెప్పునది యిదియే. పడమటి ఆసియాలో సేద్యము మొదలిడిన కాలముననే అచ్చటి అడవిపిల్లి ఇంటిపిల్లి యగుట కారంభించినది. సైప్రసు ద్వీపమున తొమ్మిదివేల అయిదువందల యేండ్లనాటి గోతిలో ఒక మనిషి ప్రక్కనే పిల్లిని పాతిపెట్టియుండుటను త్రవ్వకములలో కనుగొని 2004లో ప్రకటించిరి. మన ఖండమున సింధుదేశపు చన్హుదరోలో, 1935-36 సంవత్సరములలో త్రవ్వినప్పుడు, ఒక యిటుకమీద పిల్లి అడుగుజాడయు దానిని తరుముకొని వచ్చిన కుక్క అడుగుజాడయు దొరకినవి. ఇటుక పచ్చిగా ఎండుచుండగా పరుగెత్తినవి కాబోలు. నాలుగువేల యేండ్ల క్రిందటి రాజుల పేర్లు మనకు దొరకలేదు గాని, ఆ పిల్లి పరుగు దొరకినది.

మహాబలిపురమున పల్లవులు ఏడవ శతాబ్దమున చెక్కించిన పెద్ద రాతిమీద, తపస్సు చేయు మునితోపాటు రెండు చేతులెత్తి తపస్సు చేయు పిల్లియు, దాని పాదములకడ నమ్మి చేరిన ఎలుకలును కలవు. ఉద్యోగపర్వమునందలి దొంగసన్న్యాసి పిల్లి కథ యెరిగినవారు దానిని చూచి నవ్వకుండలేరు. వైష్ణవులు శరణాగతిని వివరించుటకు మార్జాలకిశోరన్యాయము చెప్పుదురు. తల్లి నోట కరచుకొని పోవు పిల్లికూన వలె జీవుడు ఊరక యుండిన చాలునని. తెనాలి రామకృష్ణుడు వేడిపాలు త్రాపి పిల్లిని పాలకు బెదరునట్లు చేసిన కథ మీ మనుమలకు కూడ తెలిసినదే. అది చరిత్ర కాదు. కాని విజయనగరపు బజారులో పిల్లు లుండినవనుటకు సాక్ష్యము లేకపోలేదు. 1535-37 ప్రాంతమున అచ్చట నుండిన నూనిజ్ అను పోర్చుగీసువాడు, ఆ బజారున నానావిధములైన పక్షులతోపాటు ఎలుకలు, పిల్లులు, బల్లులు కూడ తినుటకు అమ్మబడుచుండెనని వ్రాసినాడు. మనకు వినుట కష్టముగా నున్నను, చూచినవాడు వ్రాసినది కొట్టివేయ వలనుపడదు.

నూనిజ్ ఆ మాట వ్రాయుచున్న దినములలోనే, అనగా అచ్యుతదేవరాయలు 1529 నుండి 1542 వరకు ఏలిన కాలముననే, పెనుగొండయందు అధికారియైన విరూపణ్ణయు ఆతని సోదరుడు వీరణ్ణయు లేపాక్షిలో కూర్మశైలముమీద వీరభద్రాలయమును కట్టించిరి. ఆ గుడి ప్రశస్తిని నే నిచ్చట చెప్పబోను. వ్రేలాడు స్తంభమును గూర్చియు, ఏడుపడగల నాగేంద్రుని గూర్చియు, ఏకశిలా నందిని గూర్చియు మీరు నాకు చెప్పగలరు. నా ప్రశ్న వేరు. ఆనాటి యింటి బ్రతుకు ఆ గుడిలో ఎంత దొరకును?

ముఖమంటపపు కప్పుక్రింద తలయెత్తి నిలువుడు. సున్నపు పూతమీద ఎరుపు, పసుపు, నలుపు, ఆకుపచ్చ రంగులతో వ్రాసిన చిత్రములలో పార్వతీదేవిని పెండ్లికి అలంకరించు చెలికత్తె లున్నారు. శివపార్వతు లెదురెదుర కూర్చుండి పాచిక లాడుచున్నారు. విరూపణ్ణయు వీరణ్ణయు పొడవైన కుళ్ళాయిలు ధరించి పరివారముతో మ్రొక్కుచున్నారు. చీరల అంచులు, జడల అల్లిక, ముక్కెరలు, చెవికమ్మలు, అన్నియు స్పష్టము. చిత్రకారుడు కైలాసమును చూచినవాడు కాడు గదా! పెనుగొండ పెద్దయిండ్లలో తాను చూచినదే వ్రాసియుండును. లతామంటపపు స్తంభములపై చెక్కిన తీగలు నమూనాలై నేటికిని చీరల అంచులకు ఎక్కుచున్నవి.

రాజుల యింటి సామాను సంగతికి మరొక సాక్షి కలడు. 1520 ప్రాంతమున వచ్చిన పేస్, రాజనగరులో వెండిగొలుసులతో వ్రేలాడదీసిన మంచమును, దాని బంగారు కోళ్ళను వర్ణించినాడు. ఈ పేస్ నూనిజుల వ్రాతలను రాబర్టు స్యూయెల్ 1900లో ఆంగ్లమున ప్రకటించిన పిదపనే మనకు తెలిసినవి. చూడుడు, రాజుగారి మంచము కూడ ఉట్టివలె పైనుండి వ్రేలినదే! సామానును నేలపై కాక దూలమునకు అప్పగించుట యీ దేశపు పద్ధతి.

సామాన్యుని మంచము మాత్రము నాలుగు కోళ్ళమీద నిలిచినది. కోళ్ళు పట్టెలు ఊరి వడ్రంగి చేయును. అతడు పన్నిద్దరాయగాండ్రలో నొకడు గనుక, కూలి రొక్కముగా గాక కళ్ళమున గింజగా ముట్టెడిది. అల్లుట ఇంటివారి పని. ఎండకాలమున సేద్యపు పని లేనప్పుడు జనుపనార పేని, నులక చేసి, చెట్టునీడను మంచము బోర్లించి అల్లుదురు. కాళ్ళవైపు కొంత ఖాళీ విడిచి అచ్చట వేరు త్రాడు బిగింతురు. మంచము కుంగినప్పుడెల్ల ఆ త్రాటినే లాగి బిగించిన చాలును, అల్లిక విప్పనక్కరలేదు. ఇంతటి యుక్తి యే మేజకుర్చీలోను నాకు కనబడలేదు. అల్లునప్పుడు పిల్లి వచ్చి ఆ త్రాటికొనతో ఆడుకొనుట, పిల్లలు దానిని తరుముట, తాత కేకలు వేయుట, ఇవి యేయింటనైనను తప్పనివి. అమరకమైన తరువాత ఆ మంచముపై మొదట పరుండునది ఇంటి పెద్ద కాదు, ఆ పిల్లియే.

ఇట్టి సంగతులకు శాసనములలో చోటులేదు. శాసనము వ్రాయించినవాడు గ్రామదానమును చెప్పును గాని గాదెను చెప్పడు. కావ్యములలో అక్కడక్కడ దొరకును. కృష్ణదేవరాయలే ఆముక్తమాల్యదలో వర్షర్తువును వర్ణించుచు, తడికట్టెలు మండక ఇల్లాండ్రు పడు పాట్లను చెప్పినాడు. చక్రవర్తి పొయ్యికడకు తొంగిచూచుట అరుదు గనుక దానిని గొప్పగా నెంచవలెను. ఇట్టి తునుక లేరి కూర్చి సురవరము ప్రతాపరెడ్డిగారు "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" వ్రాసి 1949లో ప్రకటించిరి. ఆ గ్రంథమునకు 1955లో సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చినది. అక్షరాస్యులైన ప్రతి యింట అది యుండదగినది.

అయితే మన్రో మాట పూర్తిగా తప్పని చెప్పి తృప్తిపడుటకు వీలులేదు. గోడలో గూడున్నంతమాత్రమున గూటిలో ఉప్పుండవలెనని లేదు. 1876లో ధాత సంవత్సరమున వచ్చిన కరవు రెండేండ్లు నిలిచినది. అప్పటి బళ్ళారి జిల్లాలో చేరియుండిన మన సీమ మిక్కిలి దెబ్బతిన్నది. జనులు మొదట నగలు, తరువాత ఇత్తడి పాత్రలు అమ్ముకొనిరి. కప్పుగడ్డి పీకి పశువులకు వేసిరి. తుదకు తలుపులును దూలములును అమ్మిరి. దూలము పోయిన పిమ్మట మిద్దె లేదు, ఉట్టి లేదు, ఊరిలో ఉండుటకు కారణమే లేదు. కరవుపనులలో మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా యని సర్ రిచర్డు టెంపుల్ 1877లో నిర్ణయించిన కూలికే పోవలసివచ్చెను. కాబట్టి మీ తాతలనాటి గాదెగాని, కొయ్యపెట్టెగాని, ఇత్తడి కాగుగాని నేడు మీ యింట నున్నచో, అది కరవులను గడచి వచ్చినదని యెరుగుడు. దానిని తూకమున కమ్మి ప్లాస్టికు బిందె కొనుటకు ముందు, ఇంటి పిల్లలకు దాని వయస్సైన చెప్పుడు. అది యెవరిది, ఎవరి పెండ్లికి వచ్చినది అను మాట ఒక కాగితముపై వ్రాసియుంచుడు. శాసనము చెప్పని చరిత్ర మీవంటి పెద్దలు వ్రాసినగాని మిగులదు.

ఇక విహారముల ముచ్చట. ఆదివారపు సెలవు మనకు దొరలు తెచ్చినది. బొంబాయి మిల్లు కూలీలకు కూడ 1890లో నారాయణ మేఘాజీ లోఖండే పట్టుదలచేతనే అది లభించినది. రైతునకు వారపు సెలవు సంతదినము. ఎద్దునకు సోమవారము. బసవన్న దినమున కాడి కట్టరాదను నియమము ఈ సరిహద్దు సీమలో పలుచోట్ల కలదు. ఎద్దు వాహనమైన దేవుని పేర ఎద్దునకు విశ్రాంతి యిచ్చినవారు, తాము కూడ ఆ పూట సద్దిమూట గట్టుకొని గుడికి పోయిరి. ఇప్పుడు బెంగుళూరినుండి శని ఆదివారములలో మోటారులపై వచ్చువారితో లేపాక్షి నిండుచున్నది. 2022లో ఆ నందియు ఆలయమును ప్రపంచవారసత్వపు తాత్కాలికపట్టికలో చేరిన పిదప రద్దీ హెచ్చినది.

ఆ వచ్చువారు నందిని చూచి, స్తంభము క్రింద గుడ్డ దూర్చి చూచి, వెడలిపోవుదురు. మీరు మనుమలను తీసికొని పోయినప్పుడు మరి నాలుగడుగులు వేయుడు. ఆవరణములో నేలరాతియందే చెక్కిన పెద్ద తళ్ళెములు కలవు. అన్నమునకు నడుమ పల్లము, చుట్టు కూరలకు చిన్న పల్లములు. శిల్పులు వానిలో భుజించిరని కొందరు, చిత్రకారులు రంగులు కలిపిరని కొందరు చెప్పుదురు. తల్లి వంట ముగించులోపల శిల్పులు నాగేంద్రుని చెక్కిరను కథ యొకటి కలదు గనుక, నేను భోజనపక్షమువాడను. మా మనుమడు రంగుల పక్షము. ఏ పల్లములో పప్పు, ఏ పల్లములో పులుసు అని నేను చూపగా, వాడు వ్రేలితో తడిమి, ఇది ఎరుపు, ఇది పసుపు అని నన్ను ఖండించెను.