కొటేషన్ మార్కుల్లో ‘పైలట్ తప్పు’

చిన్న విమానం ఎక్కడైనా కూలితే, దర్యాప్తు ఇంకా మొదలవకముందే ఒక మాట బయటికొస్తుంది: పైలట్ తప్పిదం. ఆ మాట పడ్డాక చదివేవాళ్ళకి అడగడానికి పెద్దగా ఏమీ మిగలదు. తప్పు చేశాడంటున్న మనిషి పోయాడు, సంజాయిషీ ఇచ్చుకోడానికి లేడు. ఫైలు మూసేయొచ్చు. కానీ ఈ మాటకి కూడా ఒక చరిత్ర ఉంది. అందులో చాలా భాగం నిద్ర గురించే.

ముందు గెలిచినవాడి సంగతి చూద్దాం. 1927 మే 20 ఉదయం 7:52కి న్యూయార్క్ దగ్గర రూజ్‌వెల్ట్ ఫీల్డ్ నుంచి ఛార్ల్స్ లిండ్‌బర్గ్ ఒంటరిగా పారిస్‌కి బయల్దేరాడు. వయసు పాతిక. ఒకే ఇంజిన్, ఒకే సీటు. ముందువైపు పెట్రోలు ట్యాంకు అడ్డం, ఎదురుగా ఏముందో చూడాలంటే పక్క కిటికీ, లేదా ఒక చిన్న పెరిస్కోపు. బరువు తగ్గుతుందని రేడియో, పారాచూట్ వదిలేశాడు. వీటన్నిటికంటే పెద్ద లోటు, అంతకుముందు రాత్రి అతను నిద్రపోలేదు. శివరాత్రి జాగారం చేసినవాళ్ళకి తెల్లవారుజామున కళ్ళు ఎలా మండుతాయో తెలుసు. లిండ్‌బర్గ్ అలాంటి స్థితిలో అట్లాంటిక్ మీద, ముప్ఫై మూడున్నర గంటల ప్రయాణంలో ఉన్నాడు.

అతన్ని కాపాడినవాటిలో ఒకటి ఆ విమానంలో ఉన్న లోపమే. అది తనంతట తాను నిలకడగా ఎగరదు. కునుకు పట్టి చేయి సడలితే చాలు, పక్కకి ఒరిగేది. ఆ కుదుపుకే మెలకువ వచ్చేది. దారిలో ఒక దశలో తన వెనక ఎవరో నీడల్లాంటి మనుషులు కూర్చుని మాట్లాడుతున్నట్టు అనిపించిందని కూడా అతనే రాశాడు. అయితే ఆ మాట 1927లోనే హడావిడిగా వచ్చిన మొదటి పుస్తకంలో లేదు. 1953లో వచ్చిన పుస్తకంలో ఉంది, అంటే 26 ఏళ్ళ తర్వాత. అతను పారిస్ చేరాడు కాబట్టి అది సాహసం అయింది. సముద్రంలో పడిపోయి ఉంటే, అదే నిద్రలేమిని ‘నిర్లక్ష్యం’ అనేవాళ్ళం.

అలసిన పైలట్‌కి అసలేమవుతుందో లెక్కగా చూసే పని రెండో ప్రపంచ యుద్ధకాలంలో జరిగింది. కేంబ్రిడ్జిలో కెనెత్ క్రెయిక్, ఫ్రెడరిక్ బార్ట్‌లెట్, వాళ్ళ సహచరులు ఒక స్పిట్‌ఫైర్ కాక్‌పిట్‌ని ల్యాబ్‌లో నిలబెట్టారు. అది గాల్లోకి లేవదు, కానీ లీవర్లు కదిపితే దానికి తగ్గట్టు డయళ్ళలో ముళ్ళు కదులుతాయి. ఎయిర్‌ఫోర్స్ పైలట్లని గంటల తరబడి అందులో కూర్చోబెట్టి గమనించారు.

అలసిన మనిషి చేతులు చచ్చుబడి ఆగిపోతాడని మనం అనుకుంటాం. అక్కడ కనిపించింది వేరు. చేతులు బాగానే పనిచేశాయి. సడలింది ప్రమాణం. మొదట్లో ముల్లు కొంచెం జరిగినా సర్దేవాళ్ళు, తర్వాత బాగా జరిగితే గానీ పట్టించుకోలేదు. మొదట్లో డయళ్ళన్నీ కలిసి ఒకే బొమ్మలా కనిపించేవి, తర్వాత దేనికది విడివిడిగా కనిపించాయి. ఓ పక్కన ఉండే పెట్రోలు గేజీని మర్చిపోయారు. చిరాకు పెరిగింది, యంత్రమే సరిగ్గా లేదని తిట్టారు. ఇక అయిపోవచ్చింది అనిపించే ఆఖరి నిమిషాల్లో తప్పులు ఒక్కసారిగా పెరిగాయి. నిజం విమానంలో అది నేలకి దిగే సమయం. వీటన్నిటికంటే భయపెట్టే సంగతి ఇంకొకటుంది: పని చెడుతున్నకొద్దీ, తాము బాగానే చేస్తున్నామని వాళ్ళు నమ్మారు.

అదే కాలంలో అమెరికాలో ఇంకో పజిల్. బీ-17 బాంబర్లు క్షేమంగా దిగాక, రన్‌వే మీద ఉండగా చక్రాలు ముడుచుకుని నేలకి కూలబడుతున్నాయి. రికార్డులో ‘పైలట్ తప్పు’ అని పడుతోంది. 1943లో ఆల్ఫాన్స్ చపానిస్ అనే యువ సైకాలజిస్టు కాక్‌పిట్‌లోకి తొంగి చూశాడు. చక్రాల స్విచ్చి, ఫ్లాప్‌ల స్విచ్చి పక్కపక్కనే ఉన్నాయి, అచ్చం ఒకేలా ఉన్నాయి. అలసిన చేయి ఒకదాని బదులు ఇంకోటి నొక్కడానికి ఎంతసేపు? ఆయన చెప్పిన విరుగుడు చాలా చిన్నది: ఒకదానికి చక్రం ఆకారంలో, ఇంకోదానికి ఫ్లాప్ ఆకారంలో పిడి పెట్టండి, చూడకుండానే చేతికి తెలుస్తుంది. ఇవాళ్టికీ విమానాల్లో ఆ లీవరుకి చక్రం ఆకారపు పిడే ఉంటుంది.

1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ఇలాంటివి 460 సంఘటనలు పైలట్ల నోటే సేకరించి విశ్లేషించారు. దాదాపు సగం ఒక లీవరు అనుకుని ఇంకోటి లాగినవే. ఆ నివేదిక శీర్షికలోనే ‘పైలట్ తప్పు’ అన్న మాటని కొటేషన్ మార్కుల్లో పెట్టారు. నా దృష్టిలో విమానయాన చరిత్రలో అంత విలువైన విరామచిహ్నాలు ఇంకెక్కడా లేవు. ఆ మాట జవాబు కాదని, అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుందని అవి చెబుతున్నాయి.

ఆ ప్రశ్న 1959 ఫిబ్రవరి 3న అయోవాలో మళ్ళీ వచ్చింది. బడ్డీ హాలీ, రిచీ వాలెన్స్, జె.పి. రిచర్డ్‌సన్ చలికాలంలో ఊరూరా తిరిగి పాడుతున్నారు. బస్సులో హీటర్ పాడైంది. డ్రమ్మర్ పాదాలు మంచు కొరికి ఆస్పత్రి పాలయ్యాడు. కాస్త ముందుగా చేరి ఒళ్ళు వాల్చుకుందాం, బట్టలు ఉతికించుకుందాం అని అర్ధరాత్రి దాటాక నాలుగు సీట్ల బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా ఎక్కారు. అంటే ఆ ప్రయాణాన్ని పుట్టించిందే అలసట. పైలట్ రోజర్ పీటర్సన్‌కి 21 ఏళ్ళు. లేచిన కొద్ది నిమిషాలకే విమానం పొలంలో కూలింది. నలుగురూ పోయారు. దీన్ని గుర్తు చేసుకుంటూ 1971లో డాన్ మెక్లీన్ కట్టిన పాట మీలో చాలామంది వినే ఉంటారు.

సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు తేల్చిన కారణం: కేవలం పరికరాల్ని చూసి నడిపే అర్హత లేకుండా అలాంటి ప్రయాణానికి పూనుకోవడం. అది నిజమే. కానీ నివేదిక అక్కడితో ఆగలేదు. పీటర్సన్ వాతావరణం గురించి పదేపదే అడిగినా రెండు ప్రత్యేక హెచ్చరికలు అతనికి చెప్పలేదు. పైగా, విమానం ముక్కు పైకుందో కిందికుందో చూపే జైరో అతను నేర్చుకున్న రకం కాదు. అతనికి అలవాటైనదానికి సరిగ్గా తలకిందులుగా చూపిస్తుంది. చీకట్లో, మంచులో, బయట ఒక్క దీపం కూడా కనిపించనిచోట. ఫిట్స్ నివేదిక అప్పటికి పన్నెండేళ్ళ పాతది.

స్విచ్చికి ఆకారం మార్చొచ్చు, జైరోలన్నీ ఒకేలా చేయొచ్చు. అలసట అలా కాదు. అది శిథిలాల్లో దొరకదు, కొలిచే గేజీ లేదు. అందుకే పెద్ద విమాన సంస్థల పైలట్లకి డ్యూటీ గంటల మీద చట్టం గీత గీసింది. అమెరికాలో సొంత చిన్న విమానం నడుపుకునేవాళ్ళకి అలాంటి గంటల పరిమితి లేదు. బయల్దేరే ముందు ‘నేను బాగానే ఉన్నానా? అలసిపోయానా?’ అని తమని తామే ప్రశ్నించుకోమని శిక్షణలో చెబుతారు. మంచి అలవాటే. కానీ కేంబ్రిడ్జి కాక్‌పిట్ చెప్పింది గుర్తుందా? అలసట ముందుగా చెడగొట్టేది సరిగ్గా ఈ ప్రశ్నకి జవాబు చెప్పే తెలివినే. చిన్న విమానంలో ‘వద్దు, పడుకో’ అనడానికి పక్కన ఇంకో మనిషి ఉండడు.

గీత ఉన్నచోట కూడా దాన్ని నిలబెట్టుకోవడం తేలిక కాదు. 2025లో మన దేశంలో పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకి పెంచారు, రాత్రి ల్యాండింగులు తగ్గించారు. డిసెంబరులో ఒక పెద్ద సంస్థ దానికి తగ్గట్టు సిబ్బందిని సర్దుకోలేక వేల సర్వీసులు రద్దు చేసింది. శంషాబాద్‌లోనూ జనం గంటల కొద్దీ చిక్కుకుపోయారు. చివరికి కొన్ని నిబంధనలకి తాత్కాలికంగా సడలింపు ఇవ్వాల్సివచ్చింది. చిక్కుకున్నవాళ్ళ కోపం న్యాయమైనదే. కాకపోతే ఆ సడలించిన గంటలు ఎవరి నిద్రలోంచి వచ్చాయో కూడా మనం అడగాలి. రేపెప్పుడైనా ప్రమాదం జరిగితే, ఆ లెక్క కూడా ‘పైలట్ తప్పు’ అన్న మాటకిందే పడుతుంది.